గుండె ఝల్లు చీటీలు

హచినొహె
6 సెప్టెంబర్ 1999

పిన్నికి,

తొలికాపు ఆపిల్ పెట్టె నిన్న చేరింది. మూత తీయగానే గదిలో చేపల వాసన కాసేపు ఓడిపోయింది. కాసేపే. ఈ ఊళ్ళో దాన్ని ఎవరూ శాశ్వతంగా ఓడించలేరు.

నీ మాట మీద కుమగాయ్ చీఫ్ గారు నన్ను ఒక్క ప్రశ్న కూడా వేయకుండా పనిలోకి తీసుకున్నారు. సెందాయ్‌లో నాలుగేళ్ళు జపనీస్ సాహిత్యం చదివి, అరవై మూడు కంపెనీలకు దరఖాస్తులు పెట్టి, అరవై మూడు చోట్ల నుంచీ 'మీకు మంచి భవిష్యత్తు కలగాలని కోరుకుంటున్నాం' అనే ఉత్తరం అందుకున్నదాన్ని కదా, ప్రశ్నలు లేని ఇంటర్వ్యూ కొత్తగా ఉంది. ఆయన నీ పేరు వినగానే లేచి నిలబడి తల వంచారు. పదకొండేళ్ళు పనిచేసిన మనిషి మీద అంత గౌరవమా అనుకున్నాను.

నన్ను నువ్వు పనిచేసిన చోటే వేశారు, కానాగంత చేపల డబ్బాల పెట్టెలు పేర్చే చోట. స్ప్రింగు బల్ల సంగతి నీకు నేను చెప్పాలా? అయినా చెబుతాను, ఎందుకంటే ఈ ఫ్యాక్టరీలో నాకు నచ్చింది అదొక్కటే. దాని మీద చెక్క ప్యాలెట్ పెట్టి పెట్టెలు పేరుస్తుంటే, బరువు పెరిగిన కొద్దీ బల్ల తనంతట తను కిందికి దిగుతుంది. ఎన్ని వరసలు పేర్చినా పై వరస నా నడుము ఎత్తులోనే ఉంటుంది. కరెంటు లేదు, మోటారు లేదు, లోపల ఉన్నవి నాలుగు స్ప్రింగులే. బరువు మీద పడినా ముఖంలో కనిపించనివ్వని మనిషిలా ఉంటుంది.

గేటు దగ్గర 'ప్రమాదం లేని రోజులు' బోర్డు ఉంది చూశావూ, ఇవాళ దాని మీద 1,496. రోజూ పొద్దున చీఫ్ గారే స్వయంగా అంకె పలక మారుస్తారు. అందరం చప్పట్లు కొడతాం. నీ కాలంలోనూ కొట్టేవాళ్ళా?

నీతో పెట్టెలు పేర్చిన తొకీ గారు "కినుయోని అడిగానని రాయి" అన్నారు. నాకు 'యూనివర్సిటీ' అని పేరు పెట్టారు. "ఏయ్ యూనివర్సిటీ, ఆ పెట్టెను పుస్తకంలా పట్టుకోకు, పిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తు" అంటారు. అరవయ్యేళ్ళు దగ్గరపడుతున్నా ఆవిడ వేగం నాకు లేదు.

చిగుసా


ఇతయనాగి
15 సెప్టెంబర్ 1999

చి. చిగుసాకు, ఆశీస్సులు.

నా అక్షరాలు చదవగలుగుతున్నావు, సంతోషం. ఆ కొమ్మలు కోసే రంపం నా కుడిచేతి రెండు వేళ్ళు తీసుకున్నప్పటి నుంచి ఎడమ చేత్తోనే రాస్తున్నాను. మూడేళ్ళయినా అక్షరాలు ఎండ్రకాయల్లా పక్కకే నడుస్తాయి.

పని నచ్చిందన్నావు. సరే. ఒక మాట అడుగుతాను. ఆ బల్ల ఏ రంగు? నేను మానేశాక కొత్తది తెప్పిస్తామని చీఫ్ గారు అన్నారు. కొత్తదే అయి ఉంటుంది. ఊరికే అడుగుతున్నాను.

కొత్తదైనా స్ప్రింగు స్ప్రింగే. బరువు కింద అది నిద్రపోదు, కాచుకుని ఉంటుంది. ఫోర్క్‌లిఫ్ట్ వచ్చి నిండు ప్యాలెట్‌ను ఎత్తేటప్పుడు రెండడుగులు వెనక్కి వెయ్యి. చేతులు రొమ్ము మీద కట్టుకో. చూసేవాళ్ళు నవ్వినా సరే.

తొకీ అక్కకి ఊరగాయ ముల్లంగి పంపుతున్నాను. సగం నువ్వు తినేయకు.

పిన్ని


హచినొహె
10 అక్టోబర్ 1999

పిన్నికి,

ముల్లంగి సగం తినలేదు. మూడో వంతు తిన్నాను. తొకీ గారు బరువు చూసి కనిపెట్టేశారు.

బల్ల పసుపు రంగు. మెరిసిపోతూ ఉంటుంది. అయితే నువ్వు ఊరికే అడగవని నాకు తెలుసు కాబట్టి మధ్యాహ్నం విరామంలో వంగి చూశాను. అంచుల దగ్గర, పెట్టెలు రాసుకునే చోట, పసుపు పొర లేచిపోయి కింద ఆకుపచ్చ కనిపిస్తోంది. అది కొత్త బల్ల కాదు పిన్నీ, కొత్త చొక్కా వేసుకున్న పాత బల్ల. చుట్టూ ఉండాల్సిన మడతల రబ్బరు తెర కూడా లేదు. కత్తెరలా మడుచుకునే లోపలి కాళ్ళు, స్ప్రింగులు అన్నీ కనబడతాయి. తెర ఉంటే అట్టముక్కలు ఇరుక్కుంటాయని, శుభ్రం చేయడానికి అరగంట పోతుందని ఎప్పుడో తీసేశారట.

ఇక్కడ నాకు ఇంకో ఉద్యోగం దొరికింది. నెలకు మనిషికి రెండు గుండె ఝల్లు చీటీలు రాసివ్వాలి కదా. త్రుటిలో తప్పిన ప్రమాదాలు రాసిస్తే అసలు ప్రమాదాలు రావని పైవాళ్ళ నమ్మకం. కానీ నెలకు సరిగ్గా రెండుసార్లు గుండె ఝల్లుమనడం ఎవరికి సాధ్యం? అందుకని అందరూ కల్పిస్తారు. నేను బాగా రాస్తానని తెలిసిపోయి వరసలో ఉన్న ఏడుగురూ నా దగ్గరికే వస్తున్నారు. ఈ నెల నా కలం మీద ముగ్గురు జారారు, ఒకావిడ తల మీద పడబోయిన పెట్టె పక్కన పడింది, ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఒయికావా గారు దాదాపు గోడను గుద్దారు. ఒక్కరికీ గీత పడలేదు. ఇంత దయగల రచయిత్రిని నేనే.

చీటీలో మూడు గడులు. ఎప్పుడు, ఎక్కడ. ఏం జరిగింది. మళ్ళీ జరగకుండా ఏం చేయాలి. మూడో గడిలో ఏం రాయాలో తొకీ గారు మొదటి రోజే నేర్పారు. "ఎప్పుడూ 'ఇకపై నేను మరింత జాగ్రత్తగా ఉంటాను' అనే రాయి. యంత్రం మార్చండి, తెర పెట్టండి అని రాస్తే అది ఫిర్యాదు అవుతుంది. ఫిర్యాదు వేరు, చీటీ వేరు."

ఆకుపచ్చ సంగతి రాశాను, నువ్వు అడిగిన దానికి జవాబు. ఎందుకు అడిగావో నువ్వు చెప్పాలి.

చిగుసా


ఇతయనాగి
19 అక్టోబర్ 1999

చి. చిగుసాకు,

కోతల రోజులు. తెల్లారితే తోటలో ఉంటున్నాం. ఫుజి కాపు కోసి పెట్టెల్లో పెట్టేదాకా మరో పని ఉండదు. కత్తెర్లు, రంపాలు మంచు బాగా పడ్డాకే, జనవరి తరవాతే బయటికి తీస్తాం. అందుకని పెద్ద ఉత్తరం రాయలేను.

ఆకుపచ్చ బల్ల నాకు గుర్తు లేదు. రంగుల గురించి అక్కడ ఎవరినీ అడక్కు.

ఇవి మాత్రం చెయ్యి. బరువైన పెట్టెలు ఒక పక్కనే పేర్చకు, నాలుగు మూలలూ సమానంగా రావాలి. బల్ల మీద ఎక్కకు, కూర్చోకు. డబ్బా ఏదైనా జారి కిందికి దొర్లితే దొర్లనీ, దాని కోసం చెయ్యి పెట్టకు. పెట్టక తప్పకపోతే సరుకంతా దించి, బల్ల పూర్తిగా పైకి లేచి స్ప్రింగులు సడలాక, బల్ల కదలకుండా ఆపుడు కడ్డీ అడ్డం వేసి, ఆ కడ్డీని కళ్ళతో చూసి, వేలితో చూపించి, అప్పుడు పెట్టు. నూనె గొట్టం ఎక్కడుందో పక్కన గోడకు వేలాడే బొమ్మలో చూడు. బల్ల ఒక్కసారిగా లేవకుండా పట్టి ఉంచేది ఆ గొట్టమే. నేల మీద నూనె కనిపిస్తే అది ఖాళీ అవుతున్నట్టు లెక్క.

తొకీ అక్కని కూడా చూసుకోమను.

పిన్ని


హచినొహె
14 నవంబర్ 1999

పిన్నికి,

నీ కూతురిలాంటిది బహుమతి గెలిచింది. తన పేరు మీద కాదనుకో.

గుర్తు లేని బల్ల గురించి నువ్వు రాసిన పేజీ మొత్తం రెండుసార్లు చదివాను. నేల చూశాను. బల్ల పక్కన ఎప్పుడూ ఒక అట్టముక్క పరిచి ఉంటుంది. ఎత్తి చూస్తే కింద తారు రంగు నూనె మరక. అట్టముక్కని వారానికోసారి మారుస్తారు, గొట్టాన్ని కాదు.

అక్టోబర్ చివర్లో ఒయికావా గారు నిండు ప్యాలెట్ ఎత్తగానే బల్ల పెద్ద చప్పుడుతో ఎగిరింది. తొకీ గారి చేతి తొడుగు అంచుకు తగిలి చిరిగింది. చెయ్యి వెనక్కి తీసుకోవడానికి రెప్పపాటు ఆలస్యమైతే అంతే. ఆవిడ తొడుగు విప్పి చూసుకున్నారు. తర్వాత నా దగ్గరికి వచ్చి కూర్చున్నారు. "యూనివర్సిటీ, ఈ నెల నా చీటీ కల్పించక్కర్లేదు. ఉన్నది రాయి. గొట్టం మార్చమని రాయి."

రాశాను. నవంబర్ మొదటి సోమవారం పొద్దున సభలో చీఫ్ గారు ఆ చీటీని 'ఈ నెల ఉత్తమ చీటీ' అని ప్రకటించి పైకి చదివారు. వర్ణన చాలా సజీవంగా ఉందన్నారు. చప్పట్లు. తొకీ గారికి ఒక తువ్వాలు, ఒక కాఫీ డబ్బా. చీటీని అద్దాల ఫ్రేములో పెట్టి భోజనాల గది గోడకు తగిలించారు. నా వాక్యాలు మొదటిసారి అచ్చు కాకుండానే గోడెక్కాయి.

తువ్వాలు మెడకు చుట్టుకుని తొకీ గారు, "చూశావా, చదువుంటే అంతే. ముప్ఫై ఏళ్ళలో నాకు మొదటి బహుమతి" అన్నారు. నవ్వలేదు.

బల్ల గురించి నీకు తెలిసింది నాకు చెప్పడం లేదని నాకు తెలుసు. చెప్పకపోతే పోనీ. ఆపిల్స్ మాత్రం పంపు.

చిగుసా


(పోస్టుకార్డు)
ఇతయనాగి, 20 నవంబర్

గొట్టం మార్చారా లేదా? ఒక్క మాట వెంటనే రాయి.
పిన్ని


హచినొహె
5 డిసెంబర్ 1999

పిన్నికి,

నీ కార్డుకు జవాబు రాయడం వాయిదా వేస్తూ వచ్చాను. మార్చలేదు. ఇప్పుడు ఆ ఒక్క మాట సరిపోదు.

డిసెంబర్ ఒకటో తారీఖు, మధ్యాహ్నం భోజనాలయ్యాక. పేర్చడం పూర్తయిన ప్యాలెట్ పక్కన తొకీ గారు, ఎదురుగా నేను. పెట్టె ఒకటి అడుగున విచ్చుకుని ఒక డబ్బా జారి బల్ల కిందికి దొర్లింది. డబ్బా కింద ఉండిపోతే సాయంత్రం తనిఖీలో మా వరస పేరు రాస్తారు. తొకీ గారు వంగారు. పైకి లేచి, వేలు చాచి, గట్టిగా "ఆపుడు కడ్డీ, సరే" అన్నారు. మేమందరం రోజుకు యాభైసార్లు అలాగే అంటాం. చెప్పడం నోటికి అలవాటైపోయింది. కడ్డీ గోడకు వేలాడుతూనే ఉంది. ఆవిడ వేలు చూపించిన చోట ఏమీ లేదు. నేను అటు చూస్తూనే ఉన్నాను, అది లేదని నాకూ కనిపించలేదు. మాట వినిపించింది కాబట్టి కడ్డీ ఉందనుకున్నాను. ఆవిడ మళ్ళీ వంగి డబ్బా కోసం చెయ్యి పెట్టారు.

ప్యాలెట్ అవతలి నుంచి ఒయికావా గారికీ ఆ మాటే వినిపించింది. కడ్డీ ఉంటే బల్ల లేవదు కదా అని ఆయన ప్యాలెట్ ఎత్తారు.

గొట్టంలో నూనె లేదు. బల్ల లేచింది. కత్తెర కాళ్ళు దగ్గరికి వచ్చాయి. ఆవిడ అరవలేదు పిన్నీ. "ఒయికావా, దించు, దించు" అని మామూలు గొంతుతో అన్నారు, సామాను దించమన్నట్టు.

కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి. అరచేయి నిలుస్తుందో లేదో ఇంకా చెప్పలేదు. అంబులెన్సు పిలవలేదు. చీఫ్ గారి సొంత కారులో తీసుకెళ్ళారు.

మర్నాడు పొద్దున గేటు దగ్గర నిలబడి చూశాను. చీఫ్ గారు వచ్చారు, కళ్ళు వాచి ఉన్నాయి. 1,582 తీసి 1,583 పెట్టారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ ఏమీ అనలేదు కూడా.

తర్వాత నన్ను గదిలోకి పిలిచి టీ ఇచ్చారు. పదిహేనో తారీఖున సరుకు కొనే కంపెనీ వాళ్ళు వస్తారట, వాళ్ళు ముందు బోర్డు చదువుతారు, తరవాతే డబ్బా తెరుస్తారట. తొకీ గారు ఇంటి ముందు మంచు తోసే యంత్రంలో చెయ్యి పెట్టినట్టు ఒక వాంగ్మూలం కావాలట. "నువ్వు బాగా రాస్తావు" అన్నారు. పదో తారీఖు దాకా గడువు ఇచ్చారు.

ఆస్పత్రికి వెళ్ళి తొకీ గారికి చెప్పాను, రాయనని. ఆవిడ గోడ వైపు తిరిగి ఇలా అన్నారు: "రాసెయ్. తొకీ చెయ్యి వల్ల బోర్డు సున్నా అయిందని ఫ్యాక్టరీలో ఇరవై ఆరు మందీ జన్మంతా చెప్పుకోవాలా? చెయ్యి ఎలాగూ పోయింది. పరువైనా మిగలనీ."

రాయకపోతే ఆవిడ పరువు పోతుంది. రాస్తే, వచ్చే ఏడు ఆ బల్ల దగ్గర ఇంకో చెయ్యి. ఏం చేయమంటావు?

చిగుసా


ఇతయనాగి
9 డిసెంబర్ 1999

చి. చిగుసాకు,

వాళ్ళు అడిగింది రాసివ్వు. చీఫ్ గారు ఆస్పత్రి సంగతి చూసుకుంటారు, చెడ్డవాడు కాదు. తొకీ అక్క కోరుకున్నదే న్యాయం. నువ్వు చిన్నదానివి, ఊరికి కొత్తదానివి. అంతా సద్దుమణిగాక అక్కడి నుంచి వచ్చెయ్. ఇక్కడ తోటలో పని ఉంది.

రాసివ్వు. నా మాట విను.

పిన్ని


హచినొహె
14 డిసెంబర్ 1999

పిన్నికి,

నీ మాట వినే పని లేకుండానే రాసిచ్చేశాను. నీ ఉత్తరం రాకముందే, పదో తారీఖు సాయంత్రం. కాబట్టి ఆ తప్పు నీది కాదు, పూర్తిగా నాదే.

నాది ఇంకొకటి కూడా ఉంది. నవంబర్ ఉత్తరంలో 'రాశాను' అని ఒక్క మాటతో దాటేశాను చూడు. తొకీ గారు గొట్టం మార్చమని రాయమన్నారు. నేను రాయలేదు. 'బల్ల కాస్త చురుగ్గా లేచింది, శరదృతువు గాలికి ఉలిక్కిపడ్డ పిట్టలా నా చెయ్యి వెనక్కి వచ్చింది' అని రాశాను. మూడో గడిలో 'ఇకపై నేను మరింత జాగ్రత్తగా ఉంటాను' అని రాశాను. ఫిర్యాదు వేరు, చీటీ వేరు అని ఆవిడే నేర్పారు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతేమిటంటే ఆ పిట్ట పోలిక నాకు నచ్చింది. పైగా దాని చుట్టూ ఉన్న కల్పిత చీటీలన్నీ కూడా నావే. అన్నింటిలో ఒకటి నిజమని ఎవరికి తెలుస్తుంది? ఆ పిట్ట ఇప్పటికీ అద్దాల వెనకే ఉంది. రోజూ దాని కింద కూర్చుని అన్నం తింటున్నాను.

ఇక నీ సంగతి.

వాంగ్మూలం ఎలా ఉండాలో తెలియడానికి చీఫ్ గారు నాకు పాతది ఒకటి నమూనాగా ఇచ్చారు. పేరు మీద తెల్లరంగు పూశారు. ఊరు మీద పూశారు. '1996 నవంబర్ 12, సెలవు రోజున బంధువుల ఆపిల్ తోటలో కొమ్మలు కత్తిరిస్తుండగా రంపం తగిలి కుడిచేతి రెండు వేళ్ళు' అని ఉంది. అడుగున సంతకం బదులు వేసిన ఎర్రటి ముద్ర మీద రంగు పూయడం మరిచిపోయారు. ఫుకుషి అనే నీ ఇంటిపేరు అక్షరాలు, కుడి మూల విరిగిన గీత. చిన్నప్పుడు నేను ఆ ముద్రను నేల మీద పడేస్తేనే ఆ మూల విరిగింది. నువ్వు తిట్టకుండా మిఠాయి పెట్టావు.

నవంబర్‌లో కొమ్మలు ఎవరు కత్తిరిస్తారు పిన్నీ? మంచు పడ్డాకే రంపాలు తీస్తామని నువ్వే రాశావు. బోర్డు నాలుగేళ్ళ లెక్క చెబుతోంది. నీ వేళ్ళు పోయి మూడేళ్ళే.

రంగు ఏమిటని నువ్వు అడిగావు. ఆకుపచ్చ అని నేను రాశాను. అది అక్టోబర్. తొకీ గారికి అన్ని వేళ్ళూ ఉన్న అక్టోబర్. నువ్వు గుర్తు లేదన్నావు.

నాకు ఆపిల్స్ వద్దు. తోటలో పని వద్దు. తెలిసింది రాయి.

చిగుసా


ఇతయనాగి
27 డిసెంబర్ 1999

చిగుసాకు,

ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టాను. ఎడమ చెయ్యి త్వరగా అలిసిపోతుంది.

నువ్వు అనుకున్నదంతా నిజం. ఆకుపచ్చ బల్ల. అప్పుడూ గొట్టంలో నూనె లేదు, అప్పుడూ జారిన డబ్బాయే. కుమగాయ్ గారు మా ఇంటి గడప దగ్గర నేలకు నుదురు ఆనించారు. మీ బాబాయి పోయి అప్పటికి ఏడాది. ఆ పరామర్శకే నేను కరిగిపోయాను. ఒక్కటే కోరాను. ఆ బల్లను తుక్కు కింద అమ్మేయండి, దాని దగ్గర ఇంకెవరూ నిలబడకూడదు, అలాగైతే ముద్ర వేస్తాను అన్నాను. ఆయన మాటిచ్చారు. నేను ముద్ర వేశాను. మూడేళ్ళుగా ఆ బల్ల లేదనుకుంటూ బతికాను. రెండు వేళ్ళు ఇచ్చి తక్కిన వాళ్ళ చేతులు కొన్నాననుకుని లోలోపల కాస్త గర్వపడ్డాను కూడా.

వాళ్ళు దానికి పసుపు రంగు వేశారు.

నీ అక్టోబర్ ఉత్తరం చదివి పెరట్లోకి వెళ్ళి చాలాసేపు నిలబడ్డాను. అప్పుడే లేచి రైలెక్కి ఉంటే సరిపోయేది. ఎక్కితే, మూడేళ్ళ కింద అబద్ధానికి ముద్ర వేసిన మనిషినని అందరికీ తెలుస్తుంది. నీ ఉద్యోగం కూడా పోతుంది, అది ఆయన నాకు ఇచ్చిన పరిహారమే. అందుకని నీకు జాగ్రత్తలు రాశాను. నేనూ మూడో గడి నింపాను, అంతే.

ఇంకొకటి నీకు తెలియదు. నా కుడిచెయ్యి కట్టులో ఉంది కాబట్టి ఆ వాంగ్మూలం నేను రాయలేదు. రాసింది తొకీ అక్క. నేనే బతిమాలాను. రంపం, తోట, అన్నీ ఆవిడ ఊహే. రాస్తూ ఏడ్చింది. మళ్ళీ ఆ బల్ల దగ్గరే మూడేళ్ళు నిలబడింది, రంగు వేసింది చూస్తూ. నాకు ఒక్క ముక్క రాయలేదు. నేను ప్రశాంతంగా ఉన్నానని, ఉండనిద్దామని అనుకుందేమో.

దీనితో ఒక కాగితం పెడుతున్నాను. జరిగిన తారీఖు, బల్ల, గొట్టం, కుమగాయ్ గారు ఇచ్చిన మాట, అన్నీ నేనే రాశాను, ఎవరి చేతా రాయించలేదు. అడుగున అదే విరిగిన ముద్ర. కార్మిక తనిఖీ ఆఫీసులో ఇవ్వు. రమ్మంటే వస్తాను. తొకీ అక్కని అడక్కుండా ఇస్తావో అడిగి ఇస్తావో నీ ఇష్టం. అడిగితే వద్దంటుంది.

పిన్ని


హచినొహె
23 జనవరి 2000

పిన్నికి,

అడిగాను. వద్దన్నారు. ఇచ్చాను.

ఆఫీసులో కౌంటరు వెనక ఉన్నాయన నీ కాగితాన్ని రెండు చేతులతో అందుకుని, నిలబడే చదివారు. పక్కన నా కాగితం పెట్టాను, పదో తారీఖున నేను రాసింది అబద్ధమని. "ఇది రాసింది మీరేనా?" అని అడిగారు. మంచు తోసే యంత్రం గురించి అంత వివరంగా రాసినందుకో ఏమో, నన్ను కాసేపు చూశారు.

నాలుగు రోజుల్లో ఇద్దరు తనిఖీ అధికారులు వచ్చారు. ఒకాయన మోకాళ్ళ మీద కూర్చుని అంచు దగ్గర గోటితో గీశారు. పసుపు లేచింది, ఆకుపచ్చ కనిపించింది. బల్లకు తాడు కట్టి సీలు వేశారు. కొనే కంపెనీ ఈ సీజనుకి సరుకు వద్దంది. పేర్చే వరసలో సగం మందిని వసంతం దాకా ఇంట్లో ఉండమన్నారు. నాతో ఎవరూ మాట్లాడటం లేదు. భోజనాల గదిలో నేను కూర్చుంటే బెంచీ ఖాళీ అవుతుంది. ఒయికావా గారు ఉద్యోగం మానేశారు, ఫోర్క్‌లిఫ్ట్ చప్పుడు వింటే వాంతి వస్తోందట. ఆయన తప్పు అణువంతైనా లేదు.

బోర్డు మీద సున్నాలు పెట్టమని అధికారులు చెప్పారు. చీఫ్ గారు పలకల పెట్టె తెచ్చి తెరిచారు. మిగిలిన అంకెలన్నీ అరిగి, అంచులు నల్లబడి ఉన్నాయి. సున్నాల్లో మూడు మాత్రం వచ్చినప్పటి కాగితంలోనే చుట్టి ఉన్నాయి. ఆయన ఎంత లాగినా కాగితం ఊడి రాలేదు. నేనే వెళ్ళి విప్పాను. ఇద్దరం చెరోవైపు నిలబడి తగిలించాం. ఆయన నాకు తల వంచారు, మొదటి రోజు నీ పేరుకు వంచినట్టే. నేను వంచలేదు.

అరచేయి నిలవలేదు పిన్నీ. మణికట్టు దాకా తీసేశారు. పని దగ్గరి ప్రమాదమని ఇప్పుడు కాగితాల మీద ఉంది. తొకీ గారు నన్ను చూడటానికి ఒప్పుకోలేదు. నువ్వు పంపిన ఆపిల్ పెట్టె గుమ్మం దగ్గర పెట్టి వచ్చాను. మర్నాడు అది తిరిగి నా గుమ్మం దగ్గర ఉంది. మూత కూడా తీయలేదనుకున్నాను.

తీశారు. ఆపిల్స్ మీద ఒక గుండె ఝల్లు చీటీ ఉంది. జనవరి నెలది. ముప్ఫై ఏళ్ళలో ఆవిడ తన చేత్తో కల్పించకుండా రాసిన చీటీ అదేనేమో. ఎడమ చెయ్యి. అక్షరాలు పక్కకి నడుస్తున్నాయి, మూడేళ్ళ కింద నీవి నడిచినట్టే. నీకోసం ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను.

ఎప్పుడు, ఎక్కడ: 1996 నవంబర్, కినుయో ఇంట్లో.

ఏం జరిగింది: రాసిపెట్టమంది. రాసిపెట్టాను.

మళ్ళీ జరగకుండా ఏం చేయాలి: గొట్టం మార్చాలి.

రెండు చోట్ల అక్షరం తప్పింది. దిద్దలేదు. పొద్దున వెళ్ళి అలాగే చీటీల పెట్టెలో వేశాను.

చిగుసా